నీటికుక్కకు నీరొక్కటే చాలదు

తుంగభద్ర ఎగువ కాలువ కట్టమీద ఒకనాటి సాయంకాలము ఒక వృద్ధ రైతు నన్ను ఇట్లడిగెను: "సారూ, మా తాత చెప్తా ఉండె, యేట్లో నీటికుక్కలుండేవంట. ఇప్పుడు కాలవకు నీళ్లొస్తాండాయి, డ్యాములోనూ నీళ్లుండాయి. మరి అవి తిరిగి ఎందుకు రాలేదు?"

ప్రశ్న చిన్నదే. కాని దానికి సరియైన జవాబు చెప్పబూనినచో మన యేరుల సంగతి యంతయు చెప్పవలసి వచ్చును. వేరుశనగ, కంది, ఆముదము పైరులను గూర్చి వ్రాయవలసిన నేను నీటికుక్కను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను ఈ వ్యాసమును తుదివరకు చదివినచో, ఆ జంతువు ఏటినుండి కోరు వస్తువులలో చాలవరకు మనము కూడ కోరునవే యని మీకు తెలియగలదు.

జవాబు ఒక్క మాటలో ఇది. నీటికుక్క నీటిలో వేటాడును గాని గట్టుమీద కాపురముండును. మన కాలువకు నీరు వచ్చినది, గట్టు రాలేదు.

ఇది ఎట్టి జంతువు?

మన దేశములో నీటికుక్కలు మూడు జాతులు కలవు. పడమటి కనుమలవంటి కొండ ప్రాంతముల వాగులలో పీతలను తిని బ్రతుకు చిన్నగోళ్ళ జాతి యొకటి. ఐరోపా దేశములందును, ఆసియాలో అనేక ప్రాంతములందును ఉండు జాతి మరియొకటి. మైదానపు నదులలోను, జలాశయములలోను, సముద్రతీరపు మడ అడవులలోను నివసించు నునుపు బొచ్చు జాతి మూడవది. మన ప్రాంతపు నదులకు సంబంధించినది ఈ మూడవ జాతియే. కొన్ని చోట్ల దీనిని నీరుపిల్లి యనియు అందురు. పేరులో కుక్క, పిల్లి యున్నను ఇది ఆ రెండు జాతులకును చెందినది కాదు.

పెరిగిన జంతువు 7 మొదలు 11 కిలోల వరకు తూగును. తల మొదలు నడుము చివర వరకు రెండడుగుల పొడవు, ఆపైన అడుగుంబావు తోక ఉండును. బొచ్చు పొట్టిగా, నున్నగా, వీపున ముదురు గోధుమ రంగున, కడుపు క్రింద లేత రంగున ఉండును. తోక చివర బల్లపరుపుగా నుండును. కాలి వ్రేళ్ళమధ్య బాతుకు వలె చర్మమున్నది. ఒంటరిగా కంటె కుటుంబముగా తిరుగుట దీని స్వభావము. తల్లి సుమారు 60 దినములు గర్భము మోసి, రెండు మొదలు ఐదు పిల్లలను కనును. పుట్టిన పిల్లకు కన్నులు తెరచియుండవు, ఈదుట రాదు. కావున పిల్లలు కొన్ని వారములు బొరియలోనే పెరుగవలెను.

దీని ముఖ్యాహారము చేప. పెరిగిన జంతువు దినమునకు సుమారు ఒక కిలో చేప తినును. పీతలు, కప్పలు, పురుగులు, అప్పుడప్పుడు పక్షులు కూడ తినుట కద్దు.

ఒక్క సంగతి ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఈ జంతువునకు తిమింగలమునకు వలె చర్మము క్రింద దళసరి క్రొవ్వుపొర లేదు. దట్టమైన బొచ్చులో నిలిచిన గాలియే దీనికి కంబళి. నీటిలో తడిసి వచ్చిన పిమ్మట గట్టుమీది ఇసుకలోను, గడ్డిమీదను పొరలి బొచ్చును ఆర్చి సరిచేసికొననిచో ఆ కంబళి చెడును. అందుచేతనే ఇది ఎంత ఈతగత్తె యైనను గట్టు లేనిదే బ్రతుకజాలదు.

మనకు సమీపమున ఎక్కడ కలదు?

అనంతపురమునకు దగ్గరలో నీటికుక్కలు స్థిరముగా నివసించు పేరుపొందిన తావు తుంగభద్రా నదియే. కర్ణాటక ప్రభుత్వము 2015లో కొప్పళ, బళ్ళారి జిల్లాలలో ముద్లాపురము మొదలు కంప్లి వరకు 34 కిలోమీటర్ల నదీభాగమును నీటికుక్కల సంరక్షణ స్థలముగా ప్రకటించినది. ఇది తుంగభద్ర ఆనకట్టకు దిగువన, హంపి చుట్టును గల గుండ్ల ప్రాంతములో ఉన్నది. ఆ నదిలో ఏనుగులంతటి బండలు, బండల సందులలో చీకటి గుహలు, నడుమ నడుమ లోతైన మడుగులు, జమ్ము రెల్లు పెరిగిన లంకలు కలవు. మొసళ్ళును, తాబేళ్ళును ఆ నీటనే ఉన్నవి.

ఈ నదికి 1953లో పూర్తియైన ఆనకట్ట నుండియే మన ఎగువ కాలువ బయలుదేరి కణేకల్లు, ఉరవకొండ ప్రాంతములమీదుగా వచ్చి పెన్నకు నీరిచ్చుచున్నది. అనగా మన చేనికి పారు నీరును, ఆ నీటికుక్కలు ఈదు నీరును ఒకే నదివి. మన రాష్ట్రములో నల్లమల ప్రాంతపు కృష్ణా నదిలోను, కాకినాడ వద్ద కోరింగ మడ అడవులలోను కూడ ఈ జాతి కలదు.

ఎట్టి చోటును కోరును?

ఉత్తర భారతమున చంబల్ నదిపై హుస్సేన్, చౌదరి అను శాస్త్రజ్ఞులు ఈ జాతి నీటికుక్కలను చిరకాలము పరిశీలించిరి. వారు కనుగొన్న ముఖ్య విషయములు రైతుకు తేలికగా అర్థమగునవి. నీటికుక్కలు రాతి గట్లను అన్నిటికంటె ఎక్కువగా కోరినవి. రాళ్ళ సందులు వాటికి బొరియలుగాను, విశ్రాంతి స్థలములుగాను ఉపయోగపడినవి. చెట్లు, పొదలు, జమ్ము గల గట్లను ముఖ్యముగా వేసవిలో రాకపోకలకును, వేటకును వాడుకొన్నవి. మరుగు లేని వట్టి ఇసుక తిన్నెలను, వట్టి బంకమట్టి గట్లను చాలవరకు వదలిపెట్టినవి. కారణము సులభము. ఆపద వచ్చినప్పుడు అక్కడ దాగుటకు తావు లేదు.

ఇట్టి పరిశీలనలను బట్టి నీటికుక్క ఒక చోట నిలుచుటకు ఐదు వస్తువులు కావలెనని చెప్పవచ్చును.

మొదటిది దాగుచోటు. రాతి సందు గాని, పెద్ద చెట్టు వేళ్ళ క్రింది తొర్ర గాని, దట్టమైన జమ్ము గాని ఉండవలెను. వరద వచ్చినను మునుగని ఎత్తులో ఉన్నచో తల్లి పిల్లలను పెట్టును.

రెండవది ఆరుచోటు. దాగుచోటుకు ప్రక్కనే కొంచెము ఇసుక గాని, పచ్చిక గాని కావలెను. ఇసుక కావలెను గాని ఇసుక మాత్రమే యున్న చాలదు.

మూడవది వేసవి మడుగు. మన యేరులకు ఇదియే గడ్డు పరీక్ష. వరదకాలపు నీరు ఎంత యున్నను ఏప్రిల్, మే నెలలలో నిలుచు నీటిని బట్టియే ఆ జంతువు ఉండునా, పోవునా యనునది తేలును.

నాలుగవది చేప. పెద్ద చేపలు వేరుగాని, లోతు తక్కువగు అంచులలో తిరుగు మధ్యరకపు చేపలు ఏడాది పొడవునను ఉండవలెను.

ఐదవది నెమ్మది. తోటా ప్రేలుడు, రాత్రింబవళ్ళు ఇసుక త్రవ్వు యంత్రముల చప్పుడు, ఊరకుక్కల గుంపులు ఉన్నచోట ఇది పిల్లలను పెంచదు. మనుష్య సంచారము కొంత ఉన్నను సహించును. అట్టి చోట్ల పగటివేట తగ్గించి రాత్రివేటకు మారును.

ఇక ఎంత చోటు కావలెనందురా? చంబల్ నదిలో రేడియో పరికరముల సహాయముతో చూచినప్పుడు పిల్లల తల్లి సుమారు 5.5 కిలోమీటర్ల నదిలోను, మగది సుమారు 17 కిలోమీటర్ల నదిలోను తిరుగుట కనబడినది. ఈ లెక్కను మన గ్రామములకు అన్వయించి చూడుడు. ఒక్క రైతు గట్టు దీనికి చాలదు. కాని ఏటి వెంబడి రెండు మూడు గ్రామములవారు కలసి గట్టును కాపాడినచో ఒక తల్లికి సంసారము జరుపుటకు చాలును.

మనుష్యుడు కట్టిన జలాశయము దీనికి పనికిరాదని తలచుట పొరపాటు. కేరళలో పెరియార్ జలాశయము ఆనకట్ట వలన ఏర్పడినదే. అయినను దాని అంచులందు అడవి యున్నది గనుక ఈ జాతి నీటికుక్కలు అక్కడ నివసించుచున్నవి. నీటికుక్క ఒల్లనిది ఆనకట్టను కాదు, బోడి అంచును.

పోయినవి తిరిగి వచ్చునా?

వచ్చును. అందుకు లోకములో నిదర్శనములు కలవు.

ఇంగ్లాండు దేశములో 1950 తరువాతి దశకములో విత్తనములకు పట్టించు మందుగాను, గొర్రెలను ముంచు మందుగాను డీల్‌డ్రిన్ అను విషమును విస్తారముగా వాడిరి. ఆ విషము నేలనుండి నీటిలోనికి, నీటినుండి చేపలోనికి, చేపనుండి నీటికుక్కలోనికి చేరి అక్కడ పేరుకొనెను. 1957 ప్రాంతము నుండి నీటికుక్కలు వేగముగా తగ్గినవి. 1977-79లో దేశమంతట వెదకినప్పుడు 100 చోట్లలో సుమారు 6 చోట్ల మాత్రమే వాటి జాడ దొరికినది. ఆ మందులను దశలవారీగా మాన్పించి, నదుల మురికిని తగ్గించి, చంపుటను చట్టముచే నిషేధించిన పిమ్మట అవి మెల్లగా తిరిగి వచ్చినవి. 2009-10లో వెదకిన 100 చోట్లలో సుమారు 59 చోట్ల జాడ కనబడినది. 2011 నాటికి ఆ దేశపు కౌంటీలన్నిటిలోను నీటికుక్క ఉన్నట్లు తేలినది. పోవుటకు ఇరువది యేండ్లు చాలెను. తిరిగి వచ్చుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను.

రెండవ నిదర్శనము మన జాతిదే. సింగపూరులో నునుపు బొచ్చు నీటికుక్కలు 1970 తరువాతి కాలమునకు దాదాపు కనుమరుగైనవి. అక్కడి ప్రభుత్వము 1977 మొదలు 1987 వరకు పట్టణపు నదిని శుభ్రపరచినది. 1998లో సుంగై బులో అను తీరపు చిత్తడినేలలో ఒక జంట మరల కనబడినది. పిమ్మట వాటి సంతతి పట్టణము నడుమనున్న కాలువలకు, ఉద్యానములకు కూడ వ్యాపించినది. పది అంతస్తుల మేడల మధ్యనే బ్రతుకగలిగినది మన పల్లెల మధ్య బ్రతుకలేక పోవునా?

ఈ రెండు కథలందును గమనింపవలసినదేమనగా, వీటిలో ఎచ్చటను నీటి కొరత వలన నీటికుక్క పోలేదు. నీరు పెరిగినందువలన తిరిగి రాలేదు. విషము పోయి, చేప పెరిగి, అంచున మరుగు దొరికిన పిమ్మటనే వచ్చినది.

మన యేరుల సంగతి

మన దగ్గర దీనికి తోడు నీటి కొరతయు కలదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానపడు సీమ మనది. నందికొండలలో పుట్టిన పెన్న మన ప్రాంతమునకు వచ్చుసరికి ఏడాదిలో చాల నెలలు ఇసుకయే. చిత్రావతియు అట్టిదే. కాని తుంగభద్ర ఎగువ కాలువ వలన మధ్యపెన్న, పెన్నహోబిలము జలాశయములలోను, శ్రీశైలము వెనుక నీటిని తెచ్చు హంద్రీ-నీవా వలన జీడిపల్లి జలాశయములోను ఇప్పుడు నీరు నిలుచుచున్నది. నీరు లేని చోట నీరు చేరినది గనుక మిగిలిన నాలుగు వస్తువులను గూర్చి ఆలోచించుటకు ఇది తగిన సమయము.

తుంగభద్ర నుండి మన వైపునకు సహజమైన నీటిదారి హగరి, అనగా వేదావతి. ఇది గుమ్మఘట్ట వద్ద భైరవానితిప్ప జలాశయమును దాటి, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలములగుండ పోయి, కర్ణాటకలో శిరుగుప్ప ప్రాంతమున తుంగభద్రలో కలియును. కంప్లికి దిగువననే ఈ సంగమమున్నది. నీటికుక్క రాదలచినచో ఏటి వెంబడియే వచ్చును. కాని ఆ దారిలో దానికి ఎదురగునదేమి? హగరి ఇసుక.

కణేకల్లు, బొమ్మనహాళ్ రైతులకు ఈ ఇసుకను గూర్చి నేను చెప్పనక్కరలేదు. గాలికాలమున ఏటి గర్భము నుండి లేచిన ఇసుక దిబ్బలు దిబ్బలుగా పొలములమీద పడుట వారు కన్నులార చూచుచున్నారు. ఈత, కానుగ, రెల్లు లేని బోడిగట్టున నీటికుక్కకు దాగుచోటు లేదు. ఆ బోడిగట్టే గాలికి ఇసుకను వదలి రైతు చేనును పాడుచేయుచున్నది. ఒక్క లోపమే ఇద్దరినీ వెళ్ళగొట్టుచున్నది.

పెన్నవద్ద సంగతి దీనికి తలక్రిందు. అక్కడ ఇసుక ఎక్కువగుట గాదు, తరలిపోవుటయే బాధ. ఒక ఘనమీటరు ముతక ఇసుకలో సుమారు 200 మొదలు 250 లీటర్ల ఊటనీరు నిలువగలదు. మూడు ఘనమీటర్లు పట్టు ఒక ట్రాక్టరు ఇసుక పోయినచో, ఒక్కొక్క వరదకు 600 లీటర్లకు పైగా నీరు పట్టు తొట్టి పోయినట్లే. ఆ ఊటయే వేసవిలో మడుగై నిలుచును, గట్టునున్న బావికి చేరును, ఊటకాలువకు పారును. మడుగు ఎండినచో చేప పోవును. చేపతో నీటికుక్క పోవును. బావితో రైతు పోవును.

ఇక కాలువ. సిమెంటు పూత వేసిన కాలువ నీటిని నష్టపరచక చేనికి చేర్చును. రైతుకు అది మేలే, నేను కాదనను. కాని నున్నని ఆ గోడకు బొరియ లేదు, పొద లేదు. నీరు కట్టివేసిన నెలలలో మడుగు లేదు. అది నీటికుక్కకు దారి కావచ్చును గాని ఇల్లు కాజాలదు. ఇల్లు జలాశయముల అంచులలోను, కాలువ క్రింది చెరువులలోను, ఏటి మలుపులలోను దొరకవలెను.

నా సలహాలోని లోపము

ఇచ్చట నా పొరపాటు నొకదానిని ఒప్పుకొనవలసి యున్నది. 2000 సంవత్సరపు ఖరీఫులో అనంతపురము వేరుశనగను కాండము కుళ్ళు వైరస్ తెగులు నాశనము చేసినది మీలో పెద్దలకు జ్ఞాపకముండును. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. ఈ వైరస్ వయ్యారిభామ కలుపు పుప్పొడి ద్వారాను, తామర పురుగుల ద్వారాను పైరుకు సోకును. అందుచేత పొలము గట్లమీద వయ్యారిభామను పూతకు ముందే పీకివేయుడని నాటినుండి మేమందరము చెప్పుచున్నాము. ఆ సలహా సరియైనదే, నేటికిని ఆచరింపదగినదే.

కాని నేను ఒక గ్రామములో మాటలాడుచు "గట్లన్నియు శుభ్రముగా నుంచుడు" అని మాత్రము చెప్పి ఊరకుంటిని. రైతులు నా మాటను నమ్మి, పొలము గట్లతోబాటు వాగు గట్టును కూడ యంత్రముతో గీకించిరి. జమ్ము, వావిలి, ఈత అన్నియు పోయినవి. మరుసటి వానలకు వాగు పొంగి, వేళ్ళ పట్టు లేని గట్టును కోసికొని, ప్రక్క చేనిలో అరయెకరము మన్నును తీసికొని పోయినది. ఆ చేను గల రైతు నాతో కోపముగా మాటలాడలేదు. "మీరు చెప్పిందే చేసినాం సార్" అని మాత్రమనెను. ఆ మాట నేనింకను మరువలేదు.

కావున ఇప్పుడు స్పష్టముగా వ్రాయుచున్నాను. పొలము గట్టు వేరు, ఏటి గట్టు వేరు. పొలము గట్టుమీద కలుపు తీయవలెను. ఏటి గట్టుమీద వయ్యారిభామను మాత్రము చేతితో పీకి, తక్కిన చెట్టుచేమను ఉండనీయవలెను.

నష్టమును గూర్చి

నీటికుక్క వలన రైతుకు నష్టమే లేదని చెప్పినచో మీరు నన్ను నమ్మరు, నమ్మనక్కరలేదు. ఐదు నీటికుక్కల కుటుంబము దినమునకు సుమారు ఐదు కిలోల చేప తినును. పెద్ద జలాశయములో అది లెక్కకు రాదు. కాని అరయెకరపు చేపలగుంటలో పదిదినములు మకాము వేసినచో 50 కిలోలు పోవును. అప్పుచేసి పిల్లచేపలను వదలిన వానికి అది చిన్న నష్టము కాదు. వలలో పడిన చేపను తినబోయి వలను చింపుటయు కలదు.

అయినను విషము పెట్టుట, ఉచ్చు వేయుట, కరెంటు తీగ లాగుట ఎన్నడును చేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నీటికుక్కను చంపుట, పట్టుట నేరము. దీని చర్మము కొరకు జరుగు దొంగవ్యాపారమును అరికట్టుటకు 2019లో అంతర్జాతీయ ఒప్పందము క్రింద ఈ జాతి వ్యాపారమును పూర్తిగా నిషేధించిరి. కరెంటు తీగ సంగతి మీకు తెలియనిది కాదు. అడవిపందికి పెట్టిన తీగ తెల్లవారుసరికి మనిషిని బలిగొన్న ఇండ్లు మన పల్లెలలోనే యున్నవి.

చిన్న గుంటలకు దగ్గర అల్లిక గల ఇనుపవలను చుట్టును కట్టి, క్రింది అంచును అడుగు లోతున పాతిపెట్టుట మేలైన ఉపాయము. ఇది త్రవ్వుటలో నేర్పరి గనుక పాతనిచో ఫలము లేదు. పిల్లచేపలను వదలిన మొదటి నెలలలో రాత్రి కాపలా, దీపము సహాయపడును. నదిలో సహజముగా చేప యుండిన గుంటలమీద వత్తిడి తగ్గును. తోటాలతో నది చేపను చంపినవారే నీటికుక్కను మీ గుంటకు తోలుచున్నారు.

బంగ్లాదేశములో నరాయిల్ ప్రాంతపు జాలరులు కొందరు ఈ జాతి నీటికుక్కలనే పెంచి, వాటిచేత చేపలను వలలోనికి తోలించి పట్టుట తరతరములుగా వచ్చుచున్నది. జాలరికి నీటికుక్క పుట్టుశత్రువే యని అనుకొననక్కరలేదు.

రైతులు చేయదగిన పనులు

1. ఏటి గట్టునుండి కనీసము పది మీటర్ల వెడల్పున దున్నక వదలవలెను. అంచున జమ్ము, రెల్లు ఉండనిచ్చి, దానిపైన ఈత, వావిలి, కానుగ, నేరేడు, మద్ది పెంచవలెను. కానుగ ఆకు పచ్చిరొట్టకు, గింజ నూనెకు పనికివచ్చును. సర్కారు తుమ్మను ఒక్కమారుగా గాక, ఇతర చెట్లు నిలదొక్కుకొనిన కొలది విడతలుగా తీయవలెను.

2. ఏటిలోని పెద్ద గుండ్లను, గట్టునున్న ముసలి చెట్ల మొద్దులను కదల్పరాదు. నీటికుక్కకు అవియే ఇండ్లు. వరద వేగమును విరుచునవియు అవియే.

3. మందుకొట్టు పంపును వాగులో గాని, కాలువలో గాని కడుగరాదు. ఖాళీ డబ్బాలను నీటిలో పారవేయరాదు. డీడీటీని వ్యవసాయములో 1989లోను, ఎండోసల్ఫానును 2011లోను మన దేశమున నిషేధించిరి. ఇప్పటి మందులు నేలలో త్వరగా విరిగిపోవునవి యైనను, సైపర్‌మెత్రిన్ వంటివి కొద్దిపాటి మోతాదులోనే చేపలను చంపును.

4. తోటాలతోను, విషముతోను చేపలు పట్టుటను గ్రామము కట్టుబాటుగా మాన్పవలెను. 1897 నాటి చేపల చట్టము దీనిని నాడే నిషేధించినది.

5. వేసవి మడుగు గల చోట ఇసుక తీయనీయరాదు. భూగర్భజలమునకు హాని కలిగించు ఇసుక త్రవ్వకమును అడ్డుటకు 2002 నాటి వాల్టా చట్టము మీకు ఆధారము. ఊరివారందరు కలసి వ్రాతమూలముగా రెవెన్యూ అధికారులకు తెలుపవలెను.

6. బొరియ కనబడినచో త్రవ్వి చూడరాదు; కుక్కలను పోనీయరాదు. అటవీశాఖవారికి తెలియజేయవలెను. పిల్లలను తెచ్చి పెంచుట కూడ నేరమే.

జాడను గుర్తించుట

నీటికుక్క కనబడుటకంటె దాని జాడ కనబడుట తేలిక. ఉదయమున చల్లనివేళ తడి ఇసుకలో చూడవలెను. ఊరకుక్క అడుగులో నాలుగు వ్రేళ్ళుండును. నీటికుక్క అడుగులో ఐదు వ్రేళ్ళు విచ్చుకొని, మెత్తని బురదలో నడుమ చర్మపు గుర్తు కూడ కనబడును. తోక ఈడ్చిన గీత వెనుక ఉండవచ్చును. ఇది మలవిసర్జనకు ఒక్కచోటునే మాటిమాటికి వాడును. సాధారణముగా నీటి ప్రక్కనున్న బండగాని ఇసుక మెట్టగాని అట్టి చోటు. ఆ మలమునందు చేప పొలుసులు, ముండ్లు నిండియుండి, నీచువాసన కొట్టును. ఇట్టి జాడ దొరకినచో ప్రక్కన ఒక నాణెమునుంచి ఫోటో తీసి, తేదీ, స్థలము వ్రాసి అటవీశాఖవారికి పంపుడు. ఊరి బడిపిల్లలకు ఈ పనిని అప్పగించినచో ఉత్సాహముగా చేయుదురు.

నాడు కట్టమీద ఆ పెద్దాయనకు నేను ఈ మాటలన్నియు చెప్పలేకపోతిని, ప్రొద్దు క్రుంకుచుండెను. "గట్టు లేదు గనుక రాలేదు" అని మాత్రమంటిని. ఆయన కాలువ సిమెంటు గోడను, అవతల బోడిగా నున్న వాగును కొంతసేపు చూచి, "గట్టు మన చేతిలో పనే గదా" అనెను.

వాన మన చేతిలో లేదు. ఆనకట్టలో ఎన్ని టీఎంసీల నీరు చేరునో, మన వంతుకు ఎంత వచ్చునో అదియు మన చేతిలో లేదు. గట్టు మాత్రము మన చేతిలోనిదే. ఈ వానకాలమున మీ పొలమును ఆనుకొనిన ఏటి గట్టున పది కానుగ మొక్కలను నాటి, జమ్మును కోయక విడిచి చూడుడు. నీటికుక్క వచ్చుటకు ఏండ్లు పట్టవచ్చును. మీ మన్ను నిలుచుటకు మాత్రము ఒక్క వరద కాలము చాలును.